ఎదురు రాని దారులు

నేను ఏం ఉద్యోగం చేస్తానో మా ఊరు ఆర్మూర్‌లో ఇప్పటికీ ఎవరికీ సరిగా తెలియదు. విమానాశ్రయంలో అనగానే, "మంచిగ తయారై అందరికి నీళ్లిస్తరు చూడు, గదేనా?" అంటారు. కాదంటే, "మరి జెండాలు ఊపుతవా?" అంటారు. అదీ కాదంటే ఇక వాళ్లకు ఆసక్తి పోతుంది. మాట పసుపు రేటు మీదికి మళ్లుతుంది. మొదట్లో ఓపికగా కూర్చోబెట్టి చెప్పేదాన్ని. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయ్యేది. ఇప్పుడు చెప్పడం మానేసి, ఎవరు ఏది అడిగినా "ఆ, గదే" అంటున్నాను.

చదివేవాళ్లకు మాత్రం చెప్పక తప్పదు. నేను విమానాలకు దారి చెప్పే కంట్రోలర్‌ని. కిటికీల్లేని గదిలో తెర ముందు కూర్చుంటాను. విమానం నాకు కనపడదు, తెర మీద చుక్కగా కదులుతుంది. నేను పైలట్‌కు కనపడను, చెవిలో గొంతుగా వినపడతాను. రోజంతా విమానాల మధ్యే ఉండి, వారాల తరబడి ఒక్క విమానాన్ని కూడా కళ్లతో చూడని ఉద్యోగం ఇది.

చేరిన కొత్తలో, నేల విడిచిన ప్రతి విమానానికీ మేమే నోటితో దారి చెప్పేవాళ్లం. ఎడమకు తిరుగు, ఈ ఎత్తులో ఆగు, ముందు ఒకరు దిగుతున్నారు, కాస్త పక్కకు జరుగు, ఇప్పుడు ఎక్కు. రద్దీ వేళ గొంతు ఆరిపోయేది. తర్వాత ఉపగ్రహాల సాయంతో నడిచే దారులు వచ్చాయి. ఆకాశంలో ఏ గుర్తూ లేని చోట కొన్ని బిందువులు అనుకుని, ఒక్కోదానికి ఒక పేరు పెట్టి, వాటిని కలుపుతూ దారి గీస్తారు. ఆ దారికీ ఒక పేరుంటుంది. విమానం ఇంకా కదలకముందే ఆ పేరు చెప్తాం, పైలట్ దాన్ని తిరిగి అప్పజెప్తాడు. పైకి లేచాక ఎక్కడ తిరగాలో, ఎక్కడ ఎంత ఎత్తులో ఉండాలో ఉపగ్రహాల సంకేతాలు చూసుకుని విమానమే పోతుంది. వెళ్లేవాళ్ల దారి వేరు, వచ్చేవాళ్ల దారి వేరు. రెండూ దాటే చోట ఒకరు పైన, ఒకరు కింద. సంకేతం తప్పినప్పుడు మళ్లీ మా నోళ్లే దిక్కు. అలాంటిది లేని రోజున, ఎవరూ ఎవరికీ ఎదురు రాకుండా ముందే వేసిపెట్టిన దారిలో అందరూ పోతుంటారు, మేము కనిపెట్టుకుని ఉంటాం.

ఎవరూ ఎదురు రాకుండా అనే ఈ ఒక్క ముక్క మా బాపుకు మహా నచ్చింది. మిగతాది ఆయన వినలేదు.

బాపు పసుపు రైతు. ఆలూర్ రోడ్డు మీద చేను, ఆర్మూర్‌లో ఇల్లు. నన్ను చదివించింది ఆయనే. ఆడపిల్లకు ఇంత చదువెందుకన్న చుట్టాల నోళ్లు మూయించిందీ ఆయనే. అందుకే ఆయనతో పోట్లాడటం నాకు చాలా కష్టం. చెడ్డవాడైతే ఎప్పుడో తెగతెంపులు చేసుకుని పోయేదాన్ని.

మా ఇంట్లో ప్రయాణాలకు బాపు పెట్టిన పద్ధతులు మా విమానాశ్రయం పద్ధతులకు ఏమాత్రం తీసిపోవు. ఏ వారం ఏ దిక్కుకు పోకూడదో ఆయనకు కంఠతా. మంగళ, బుధవారాలు ఉత్తరానికి శూల. సోమ, శనివారాలు తూర్పుకు. గురువారం దక్షిణం, శుక్ర, ఆదివారాలు పడమర. బయలుదేరుతుంటే ఎవరైనా తుమ్మితే కూర్చుని, నీళ్లు తాగి, మళ్లీ లేవాలి. ఎక్కడికి పోతున్నావని ఎవరూ అడగకూడదు. గడప దిగాక ఏదో మరిచానని మళ్లీ లోపలికి రాకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, పోయేవాళ్లకు ఇంకెవరూ ఎదురు రాకుండా, ఒక ముత్తైదువ నిండు చెంబుతో ఎదురు రావాలి. అది మా అమ్మ పని. బాపు గేటు దగ్గర నిలబడి గల్లీ అటూ ఇటూ చూసి సైగ చేస్తే, అమ్మ మూల మీది నుంచి చెంబు పట్టుకుని నడిచి వస్తుంది. పసుపు బస్తాల ట్రాక్టర్ మార్కెట్‌కు కదలాలన్నా ఇదే తంతు. మా రన్‌వే మీద ఇంత ఆలస్యం చేస్తే విమానాలు ఊరి చివరి దాకా బారులు తీరతాయి.

ఈ తంతులో మా అత్తకు కూడా ఒక చోటుంది. అది వంటిల్లు.

అత్త అంటే బాపు చెల్లెలు. ఏర్గట్ల వైపు ఒక ఊరికి ఇచ్చారు. పెళ్లయిన కొన్నాళ్లకే మామ పోయాడు. పిల్లలు లేరు. పుట్టింటికి వచ్చేసింది, ఇక్కడే ఉండిపోయింది. అప్పటి నుంచి ఇంట్లో ఎవరు ప్రయాణం కట్టినా ఆ వేళకు అత్త వంటింట్లోకి వెళ్లిపోతుంది. పొమ్మని ఎవరూ అనరు, అనాల్సిన అవసరం రానివ్వదు. నేను పరీక్షలకు పోయినప్పుడూ, ఉద్యోగంలో చేరడానికి పోయినప్పుడూ, పెళ్లయి అత్తవారింటికి పోయినప్పుడూ గేటు దగ్గర అత్త లేదు. ముందు రోజు నా సంచిలో సకినాలు కట్టిపెట్టేది ఆమే, జడ వేసేది ఆమే. బయలుదేరే నిమిషానికి మాత్రం కనపడేది కాదు. చిన్నప్పుడు అదంతా నాకు మామూలుగానే ఉండేది.

రెండేళ్ల క్రితం నా భర్త పోయాడు. గుండెపోటు. దవాఖానకు తీసుకుపోయే లోపే అయిపోయింది. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

సెలవు ముగిశాక డ్యూటీకి వెళ్లాను. చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని తెర ముందు కూర్చున్నాను. ఎవరో పైలట్ నాకు నమస్కారం చెప్పాడు, నేను తిరిగి చెప్పాను, అతని విమానం తన దారిన తాను పోయింది. తర్వాత ఇంకొకటి. ఎవరూ ఆగలేదు, ఎవరూ ఏమీ అనలేదు. ఆ రోజు ఆ గది మీద, ఆ కుర్చీ మీద నాకు పట్టలేనంత ప్రేమ కలిగింది.

ఆ తర్వాత కొన్ని నెలలకు తమ్ముడు ఆర్మూర్‌లో పసుపు కొమ్ములు పట్టే గిర్ని పెట్టాడు. ఆ ఉదయం అందరం వాకిట్లో ఉన్నాం. వాడు కొత్త చొక్కా వేసుకుని, గిర్ని తాళంచెవి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. బాపు గల్లీ చూస్తున్నాడు. అమ్మ చెంబు అందుకుంటూ, నా వైపు చూడకుండా, "బిడ్డా, పొయ్యి మీద పాలు వెట్టిన. పొంగుతయేమో జర సూడు పో" అంది. నేను పరుగెత్తాను. పొయ్యి మీద పాలు లేవు. పొయ్యి వెలిగించనే లేదు. అత్త గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నన్ను చూసి, నాకు చోటిస్తూ కాస్త పక్కకు జరిగింది.

ఆ జరగడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. అమ్మ అబద్ధాన్ని తట్టుకోగలిగాను. నాకంటూ అక్కడ ఒక చోటు ముందే ఉన్నట్టు అత్త జరగడం మాత్రం తట్టుకోలేకపోయాను. ఆ రోజు అన్నం తినకుండానే కారెక్కి వచ్చేశాను. అమ్మ ఫోన్ చేస్తే కొన్నాళ్లు ఎత్తలేదు. ఎత్తాక అమ్మా ఆ మాట తీయలేదు, నేనూ తీయలేదు.

అసలు సంగతి ఈ ఏటిది. మా గల్లీలో ఆడవాళ్ల సంఘం ఒకటుంది. పసుపు కొమ్ములు ఎండబెట్టి, తమ్ముడి గిర్నిలోనే పట్టించి, పొట్లాలు కట్టి సంతలో అమ్ముతారు. అత్త అందులో చేరి చాలా కాలమైంది. ఇంట్లో గొంతెత్తని మనిషి సంతలో కూర్చుంటే వేరే మనిషి. కొనడానికి వచ్చినవాళ్లతో నవ్వుతూ వాదిస్తుంది, ఉత్తచేతులతో పోనివ్వదు. అందుకే ఢిల్లీలో జరిగే ఒక అమ్మకాల మేళాకు మా వైపు సంఘాల నుంచి పంపే వాళ్లలో ఆమెను ఎంచుకున్నారు. సరుకు లారీలో ముందే పోయింది. మనుషులకు విమానం టికెట్లు తీశారు. అత్త ఫోన్ చేసి ఈ మాట చెప్తున్నప్పుడు ఊపిరి అందనట్టు మాట్లాడింది. "ఎట్లన్న పోవాలె బిడ్డా. నువ్వొచ్చి తీస్కపో" అంది. ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదలు.

టికెట్ మంగళవారానికి పడింది.

నేను సెలవు పెట్టి ఆదివారమే ఆర్మూర్ వచ్చాను. మంగళవారం పొద్దున్నే అత్తను కారులో తీసుకుపోయి, విమానం ఎక్కించి, సాయంత్రం డ్యూటీకి పోవాలని నా ఆలోచన. బాపు అన్నం తింటూ వింటూ ఉన్నాడు. వారం పేరు వినగానే చేయి ఆగింది.

"మంగళారం ఉత్తరానికి శూల. ఢిల్లీ ఉత్తరం. బేస్తారం పొమ్మను."

"బేస్తారం టికెట్ లేదు బాపు. బుధారమే అక్కడ దుకాణం తెరుస్తరు."

గురువారం దాకా ఆగాల్సిందే అన్నట్టు ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆయన లెక్కలోనే ఆయనకు జవాబు చెప్తే పని అవుతుందనుకున్నాను. "ముందు పోయేది హైదరాబాద్‌కు కదా. అది మనకు దక్షిణం. మంగళారం దక్షిణానికి ఏ దోషం లేదు" అన్నాను.

"గది కారు పోయే తొవ్వ. పయనమంటే నేల ఇడుసుడు. ఇమానం నేల ఇడిసేటప్పుడు దాని మొఖం ఎటుంటది? గది చెప్పు."

"పడమరకు. గాలి మారితే తూర్పుకు."

"ఉత్తరానికి ఉండదా?"

"రన్‌వే తూర్పు పడమరలుగ ఉంది బాపు. ఉత్తరానికి లెవ్వుమన్నా లెవ్వది."

ఆయన చేయి కడుక్కుని వచ్చి, పోయిన నెల క్యాలెండర్ కాగితం చింపి, వెనక వైపు తిప్పి నా ముందు పెట్టాడు. గీయమన్నాడు. గీశాను. ఇది రన్‌వే, ఇక్కడ లేస్తుంది, ఇదిగో ఈ బిందువు దాకా తిన్నగా పోతుంది, అక్కడ తిరుగుతుంది, ఆ తర్వాత ఉత్తరం. దిగేవాళ్లు ఇటు నుంచి వస్తారు. చదువుకున్నదంతా ఒక క్యాలెండర్ కాగితం మీద మా ఇంటి చాప మీద కూర్చుని గీశాను.

"గీ బిందువు కాడ ఏముంటది?"

"ఏముండదు. ఉత్త గాలి. అది ఎక్కడుందో ఉపగ్రహాలను చూసి తెలుసుకుంటది."

"గాడ దిగేటోళ్లు ఎదురు రారా?"

"రారు. రావద్దనే కదా గిట్ల గీసింది."

బాపు తొడ చరిచాడు. "సూసినవా? మొఖం మంచి దిక్కుకు వెట్టి లెవ్వాలె. జర దూరం పోయినంక మళ్లాలె. ఎవ్వలు ఎదురు రావద్దు. మన పెద్దలు ఎన్నడో చెప్పిన ముచ్చట. సర్కారుకు గిప్పుడు తెలివొచ్చింది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎన్నో ఏళ్లు ఎందరో లెక్కలు వేసి, పరీక్షించి, సరిచూసి తెచ్చిన పద్ధతి మా ఇంటి శకునాలకు సాక్ష్యంగా మారిపోయింది. ఆ కాగితం గీసిచ్చింది నేనే. ఏమన్నా అంటే ప్రయాణం ఆగుతుందని పళ్లు బిగబట్టుకున్నాను.

అంతసేపూ వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న అత్త అప్పుడు అడిగింది. "ఇమానం లేసినంక ఎటు పోవాల్నో ఎవలు చూస్తరు బిడ్డా?"

"నేనే చూస్త అత్తా. నాలాంటోళ్లు ఇంకా ఉంటరు."

"అందరు నువ్వు చెప్పినట్టే పోతరా?"

"పోతరు."

"ఎవ్వలు ఏమనరా?"

ఆమె ఏమడుగుతుందో మా ముగ్గురికీ అర్థమైంది. బాపు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అమ్మ గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది.

"ఏమనరత్తా" అన్నాను.

దిక్కు గొడవ తీరింది గానీ ఇంటి ఆడబిడ్డ మంగళవారం గడప దాటకూడదనే గొడవ ఇంకొకటి మిగిలింది. దానికీ బాపు దగ్గర ఉపాయం ఉంది. ప్రస్థానం పెట్టడం. మంచి ఘడియ చూసి, పోయే మనిషి సంచిని ముందుగానే పక్కింట్లో పెట్టి వస్తే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు. మనిషి తర్వాత ఏ రోజు కదిలినా దోషం లేదు. సోమవారం పొద్దున బాపు స్వయంగా అత్త సంచి ఎత్తుకుని ఎదురింట్లో పెట్టి వచ్చాడు. బట్టలు, మందులు, ఆధార్ కార్డు అన్నీ అందులోనే. అత్త గేటు లోపలి నుంచి చూసి నవ్వింది. "నాకంటె ముందుగాల నా సంచి ఢిల్లీకి పోతున్నది" అంది.

మంగళవారం తెల్లవారి అత్త స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, దేవుడికి దండం పెట్టుకుని గడప దిగింది. అమ్మ చెంబుతో గల్లీ మూల మీదికి పోయి నిలబడింది. బాపు సంచి తేవడానికి ఎదురింటికి పోయాడు.

ఎదురింటికి తాళం వేసి ఉంది.

ఆ ఇంటివాళ్లు పసుపు తవ్వి, ఉడకబెట్టే మిషన్ కోసం ఎదురుచూస్తున్నారు. ఆ మిషన్ చేను చేనుకూ తిరుగుతుంది, వంతు వచ్చినప్పుడు అందుకోకపోతే మళ్లీ ఎప్పుడో. ఆ తెల్లవారుజామున వీళ్ల వంతు వచ్చిందని కబురందితే మొగుడూ పెళ్లాం ఉన్నపళాన నందిపేట్ దిక్కున్న చేనుకు ఉరికారట. పక్కవాళ్లు చెప్పారు. సంచి సంగతి వాళ్లకు గుర్తుండదు, ఎవరి గాబరా వాళ్లది. ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మిషన్ మోతలో ఏం వినపడుతుంది? కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. మామూలుగా సంచి చేత్తో పట్టుకుని కారెక్కి ఉంటే ఈపాటికి ఆర్మూర్ దాటేవాళ్లం.

"నేను నందిపేట్ పోయి తాళంచెవి తెస్త" అన్నాను.

"నందిపేట్ ఉత్తరం. ఇయ్యాల మంగళారం" అన్నాడు బాపు.

నేను ఆయన మొహం వంక చూశాను. పరాచికం లేదు.

"అయితే సంచి వద్దు. బట్టలు అక్కడ కొనుక్కుంటది, మందులు నేను తొవ్వల కొంట. అత్త ఫోన్‌ల ఆధార్ ఉన్నది, నేనే ఎక్కించిన. గది చూపిస్తె లోపలికి పంపుతరు."

"సంచిది పయనం మొదలైంది. సంచి తాళంల ఇరికింది. గిది మంచి శకునం గాదు." ఆయన గొంతులో పంతం లేదు, భయం ఉంది. "వద్దు చెల్లె. ఇయ్యాల వద్దు."

"సరే అన్న" అంది అత్త.

అంతే. ఒక్క మాట. నాకు ఏడుపొచ్చినంత పనైంది. "నీకు పోవాలని లేదా అత్తా?" అని అరిచాను.

"ఉన్నది" అంది.

ఉన్నది అని అక్కడే నిలబడింది. గడప దిగిన మనిషి, లోపలికి తిరిగి పోకూడదు. ముందుకు పోవద్దన్నారు. గల్లీ మధ్యలో కొత్త చీరలో నిలబడి ఎటు చూడాలో తెలియక చెప్పుల వైపు చూసుకుంటోంది. టైమ్ పోతోంది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఊళ్లోవాళ్ల విమానాలన్నీ సాగనంపే నేను మా ఇంటి నుంచి ఒక్క మనిషిని కదిలించలేకపోతున్నాను.

అప్పుడే నాలుగిళ్ల అవతల ఒక ట్రాక్టర్ స్టార్ట్ అయింది. పసుపు బస్తాలు మార్కెట్‌కు పోతున్నాయి. ఆ చప్పుడు వినగానే అత్త చటుక్కున గోడ వైపు తిరిగింది. కొంగు తల మీదికి లాక్కుని, మొహం గోడకు పెట్టి, ఆ బండికి తాను ఎదురు కాకుండా ఒదిగి నిలబడింది. ఢిల్లీకి బయలుదేరిన మనిషి, కొత్త చీర కట్టుకున్న మనిషి, గోడ సున్నం ముక్కుకు అంటేంత దగ్గరగా నిలబడింది. ఎవరూ చెప్పలేదు. ఒళ్లే తిరిగిపోయింది.

నేను ఇక ఆగలేకపోయాను. "బాపు, నేను పొద్దు మాపు గదే పని చేస్త. నా తొవ్వల పోయినోళ్లంత మంచిగనే చేరుతున్నరు. ఒక్కరన్న ఆగిండ్రా? ఒక్కరికన్న ఏమన్నయ్యిందా?"

బాపు కోప్పడలేదు. నాకు తెలియని సంగతి చెప్తున్నట్టు మెల్లగా అన్నాడు. "గాడ నీ మొఖం ఎవలకు కనవడ్తది బిడ్డా?"

ఆయన అన్నది నిజం. కిటికీల్లేని గది అది. నన్ను అక్కడ ఎవరూ ఏమీ అనకపోవడం చూసి మురిసిపోయాను, ఆ కుర్చీని ప్రేమించాను. అక్కడ నన్ను చూసినవాళ్లు ఎవరు? గొంతుకు బొట్టుండదు, మెట్టెలుండవు. పైలట్‌కు నా పేరు కూడా తెలియదు. అక్కడా నేను వంటింట్లోనే నిలబడి ఉన్నానా అనిపించింది. ఆ మాట అన్నది బాపు కాబట్టి ఇంకా మండింది. ఆయనకు నన్ను బాధపెట్టాలని లేదు, అదే నా బాధ.

ట్రాక్టర్ మా దగ్గరికి వచ్చింది. అత్త గోడ నుంచి ఇటు తిరిగింది. తల మీది కొంగు తీసి భుజం మీద వేసుకుంది. ట్రాక్టర్ ఆమె ముందు నుంచే పోయింది. ఆ తర్వాత అత్త గల్లీ మూల దాకా నడిచి, చెంబుతో అప్పటి నుంచీ నిలబడే ఉన్న అమ్మ ముందు ఆగింది.

"వదినా, గా చెంబు దానికియ్యి."

"ఎవలికి?" అంది అమ్మ.

"నీ బిడ్డకు. నాకు అదే ఎదురస్తది."

"చెల్లె" అన్నాడు బాపు.

"నువ్వు సంచిని పంపినవన్న. మనిషిని నేను పంపుకుంట."

అమ్మ చెంబును పొట్టకు హత్తుకుంది. బాపు వైపు చూసింది, ఆయన నేల చూస్తున్నాడు. అమ్మ నా వైపు చూసింది. గిర్ని తెరిచిన రోజు చూడని చూపు అది. దగ్గరికి వచ్చి చెంబు నా చేతుల్లో పెట్టింది. "నిండుగున్నది. వలకపొయ్యకు" అంది.

నాకు ఈ శకునాల మీద చచ్చేంత కోపం. ముత్తైదువ అయినా, మరొకరైనా, చెంబు పట్టుకుని ఎదురు రావడమే పనికిమాలిన తంతు అని ఎన్నోసార్లు ఈ ఇంట్లోనే వాదించాను. అలాంటి నేను ఆ చెంబు రెండు చేతులా పట్టుకుని గల్లీ మూల మీదికి పోయి, అక్కడి నుంచి గేటు వైపు నడిచాను. వాకిళ్లలో నిలబడ్డవాళ్లు చూస్తున్నారు. చేతులు ఎంత బిగబట్టినా వణుకుతున్నాయి, నీళ్లు పాదాల మీద పడుతున్నాయి. అత్త గేటు దగ్గరికి తిరిగి పోయి, అక్కడి నుంచి బయలుదేరి నాకు ఎదురుగా వచ్చింది. తల దించలేదు. నా మొహంలోకి సూటిగా చూస్తూ వచ్చింది, నన్ను దాటింది, కారు తలుపు తీసుకుని ముందు సీట్లో కూర్చుంది.

ఎదురు వచ్చిన మనిషే కారు నడపాలి. దానికి బాపు పద్ధతుల్లో చోటు లేదు. చెంబు అమ్మకిచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాను. బాపు గేటు పక్కన అడ్డంగా ఉన్న తన స్కూటర్‌ను కారుకు దారిస్తూ పక్కకు జరిపాడు.

ఊరు దాటి పెద్ద రోడ్డు ఎక్కాం. నేను కోపంగా నడుపుతున్నాను, లారీలను అనవసరంగా దాటుతున్నాను. అత్త ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"చేతులు వణికినయి నీకు" అంది కాసేపటికి.

"కోపంతోటి అత్తా."

"కానియ్యి." అత్త తన ఖాళీ చేతుల వైపు చూసుకుంది. "మీ మామ పోయినంక నాకు ఎవ్వలు ఎదురు రాలే బిడ్డా. నేను ఎటన్న పోతె కదా వచ్చేటందుకు. ఇన్నేండ్లకు నువ్వొచ్చినవు."

నాకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. ఎదురుగా రోడ్డు కనపడలేదు. కారు పక్కకు తీసి ఆపాను.

అత్త కొంగుతో నా మొహం తుడిచింది. "ఆపకు" అంది. "ఇమానం పోతది."